అమ్మతో నాలుగు రోజులు బ్యాంకాక్: కార్తీక మాసంలో వెళ్తున్నాం, జాగ్రత్తలు చెప్పండి

గోదావరి గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయి రెండేళ్ళు దాటింది. అప్పటి నుంచి అమ్మ ఇల్లు కదలలేదు. ఈసారి ఎలాగైనా ఒక ప్రయాణం చేయించాలని నవంబరులో బ్యాంకాక్‌కు టికెట్లు తీసేశాను. నాలుగు రాత్రులు, చేతికి దొరికేవి మూడు పూర్తి రోజులు. టికెట్లు కొన్నాక పంచాంగం చూస్తే కార్తీక పౌర్ణమి సరిగ్గా మధ్యలో పడింది. అమ్మ ఏమీ అనలేదు కానీ, పెళ్ళయి రాజమండ్రి వచ్చిన దగ్గర నుంచి ఒక్క ఏడాది కూడా కోటిలింగాల రేవులో దీపం వదలకుండా ఉండలేదని పక్కింటావిడతో చెప్తుంటే విన్నాను. టికెట్లు రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాదు.

అమ్మకు అరవై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉంది, నిదానంగా నడుస్తుంది. బీపీ మాత్రలు వేసుకుంటుంది. శాకాహారి, కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. మేమిద్దరమే వెళ్తున్నాం, తోడు ఎవరూ లేరు. బ్యాంకాక్ అనగానే కార్యాలయంలో కొందరు అదోలా నవ్వారు. బంధువుల్లో ఒకరు "ఆడవాళ్ళిద్దరూ అక్కడికెందుకు, సింగపూర్ వెళ్ళకపోయారా" అన్నారు.

నాకు తెలియాల్సినవి: ఎక్కడ బస చేస్తే మంచిది? మోసాలు ఎలా జరుగుతాయి? మూడు రోజుల్లో అమ్మ కాళ్ళు పాడవకుండా ఏమేమి చూడవచ్చు? ఆమె ఏం తింటుంది? అక్కడ ఉండి వచ్చినవాళ్ళు చెప్తే ఎంతో మేలు.


సిలోం వీధి

అమ్మాయీ, ముందు ఈ నాలుగు వాక్యాలు మీ అమ్మగారికి చదివి వినిపించు. తక్కినవి నువ్వు తరువాత చదువుకోవచ్చు.

మీరు అక్కడ ఉండే పౌర్ణమి రాత్రి థాయ్‌లాండ్ అంతా నదుల్లో, చెరువుల్లో దీపాలు వదులుతుంది. ఆ పండుగ పేరు లోయ్ క్రథోంగ్. లోయ్ అంటే నీటి మీద తేలడం, క్రథోంగ్ అంటే దొప్ప. అరటిబోదెను గుండ్రంగా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, మధ్యలో బంతిపూలు, అగరొత్తులు, ఒక కొవ్వొత్తి పెట్టి నీళ్ళలో వదులుతారు. ఎవరికని అడిగితే ఫ్రా మే ఖోంఖా అంటారు, అంటే గంగమ్మ తల్లి. ఏడాదంతా నీళ్ళు వాడుకున్నందుకు, మురికి చేసినందుకు ఆ తల్లిని క్షమాపణ అడుగుతారు. వాళ్ళ పన్నెండో చాంద్రమాసపు పౌర్ణమి దాదాపు ఎప్పుడూ మన కార్తీక పౌర్ణమితోనే కలుస్తుంది. ఒక్క రోజు తేడా రావచ్చు కాబట్టి ఆ ఏటి తేదీ మాత్రం చూసుకో. మీ అమ్మగారి దీపం ఈ ఏడు తప్పిపోదు. నది మారుతుంది, అంతే.

మావారి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ళు బ్యాంకాక్‌లోని సిలోంలో ఉన్నాం. ఇప్పుడు విశాఖలో స్థిరపడ్డాం కానీ, పిల్లాడు అక్కడే ఉన్నాడు కనుక ఏటా వెళ్ళి వస్తుంటాను. నవ్వినవాళ్ళ సంగతి వదిలెయ్యి. రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా రైలు దిగి కూరగాయలు కొనుక్కుని నడిచి ఇంటికి వచ్చేదాన్ని. తొమ్మిదేళ్ళలో ఒక్కరు కూడా నా దారికి అడ్డు రాలేదు. అరవై ఆరేళ్ళ మనిషిని అక్కడ నిజంగా ఇబ్బంది పెట్టేవి ఎండ, మెట్లు. మా అత్తగారిని మొదటిసారి రాజభవనానికి తీసుకెళ్ళినప్పుడు ఆ సంగతి తెలిసింది. ఆలస్యంగా లేచాం, టికెట్టు డబ్బు వృథా పోకూడదని మిట్టమధ్యాహ్నం తిప్పాను. ఒంటిగంటకు ఆవిడ కళ్ళు తిరిగి రాతి అరుగు మీద కూలబడ్డారు. ఎవరో థాయ్ ఆవిడ పరుగున వచ్చి తన సంచిలోంచి యాదోమ్ తీసి ముక్కు దగ్గర పెట్టింది. యాదోమ్ అంటే కర్పూరం, పుదీనా వాసన వచ్చే చిన్న గొట్టం. అక్కడ ప్రతి చిన్న దుకాణంలో దొరుకుతుంది, మొదటి రోజే కొనుక్కోండి. ఆ రోజు తప్పు పూర్తిగా నాది. అందుకే నీకు గట్టిగా చెప్తున్నాను: పొద్దున ఎనిమిది నుంచి పదకొండు వరకు ఒక చోటు, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి, సాయంత్రం నాలుగు తరువాత మరో చోటు. అంతకు మించి పెట్టుకోవద్దు.

బస సిలోం, సాథోన్ వైపు తీసుకో. సురసాక్ లేదా సఫాన్ తాక్సిన్ ఆకాశ రైలు (స్తంభాల మీద నడిచే రైలు) స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే చాలు. సఫాన్ తాక్సిన్ కిందే సాథోన్ పడవల రేవు ఉంది. సిలోం రోడ్డు మీద మారియమ్మన్ కోవెల ఉంది. 19వ శతాబ్దంలో తమిళులు కట్టుకున్నది, థాయ్ వాళ్ళు వాట్ ఖేక్ అంటారు. అక్కడ సాయంత్రం హారతికి థాయ్ ఆడపిల్లలు బంతిపూల దండలు, కొబ్బరికాయలు పళ్ళెంలో పట్టుకుని వరుసలో నిలబడటం చూస్తే మీ అమ్మగారికి సగం బెంగ తీరిపోతుంది. లోపల ఫొటోలు తీయకూడదు. అదే రోడ్డులో అవతలి చివర పాట్‌పాంగ్ అనే బార్ల సందు ఉంది. రాత్రిళ్ళు అక్కడ కాగితాలు చూపించి లోపలికి పిలుస్తారు. జవాబు చెప్పకుండా నడిచిపోతే వెంటపడరు.

విమానాశ్రయం పేరు సువర్ణభూమి. దిగాక కిందకు వస్తే టాక్సీల దగ్గర యంత్రం చీటీ ఇస్తుంది, చీటీ మీద ఉన్న వరుసలో నిలబడిన టాక్సీ ఎక్కాలి. మీటరు 35 బాత్ (థాయ్ డబ్బు) దగ్గర మొదలవుతుంది. దాని మీద విమానాశ్రయ రుసుము 50 బాత్, ఎక్స్‌ప్రెస్ రోడ్డు టోలు వేరే ఇవ్వాలి. మధ్యలోనే వచ్చి టాక్సీ కావాలా అని అడిగేవాళ్ళతో వెళ్ళవద్దు. సామాను తక్కువైతే విమానాశ్రయ రైలు ఫయాథాయ్ వరకు అరగంట లోపే తీసుకెళ్తుంది, 45 బాత్. అక్కడ ఆకాశ రైలుకు మారవచ్చు. కానీ అమ్మగారితో, పెట్టెలతో అయితే నేను టాక్సీయే ఎక్కుతాను.

రాజభవనం ఉదయం 8:30కు తెరుస్తారు, మధ్యాహ్నం 3:30కు టికెట్లు ఆపేస్తారు. విదేశీయులకు 500 బాత్. నేలకింది మెట్రోలో సనాం చాయ్ స్టేషను వరకు వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలాంటి తుక్‌తుక్ ఎక్కకుండా నడవండి, లేదా ఫోను యాప్‌లో కారు పిలవండి. ఆ స్టేషను లోపలి స్తంభాలు, పైకప్పు సింహాసన మండపంలా కట్టారు, దిగాక ఒక నిమిషం ఆగి చూడండి. చీర, చుడీదారు హాయిగా సరిపోతాయి. చేతులు లేని రవికలు, మోకాలి పైకి ఉండే బట్టలు, చిరుగుల జీన్సు పనికిరావు.

లోపల మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ నీడపట్టున వరండా ఉంటుంది. దాని గోడల మీద 178 ఘట్టాలుగా రామాయణం చిత్రించారు. ఉత్తర ద్వారం దగ్గర మొదలుపెట్టి ప్రదక్షిణంగా నడిస్తే కథ వరుసగా వస్తుంది. వాళ్ళ రామాయణం పేరు రామకియెన్. రాముడు ఫ్రా రామ్, సీతమ్మ నాంగ్ సీదా, రావణుడు థోత్సకన్, అంటే దశకంఠుడే. అమ్మగారికి ఒక్క సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళు, అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాదు. వారధి కడుతుంటే రాళ్ళు ఎత్తుకుపోతున్న మత్స్యకన్యను పట్టుకోబోయి, ఆమెనే ప్రేమిస్తాడు. ఆమె పేరు సువన్నమచ్చా, సువర్ణమత్స్య అన్నమాట, రావణుడి కూతురు. మా అత్తగారు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకొకటి. మరకత బుద్ధుడికి ఏటా మూడుసార్లు, రుతువు మారినప్పుడు, రాజు స్వయంగా వస్త్రాలు మారుస్తాడు. వానాకాలం నుంచి చలికాలానికి మార్చేది ఈ పౌర్ణమి వెళ్ళిన మరునాడు, మన లెక్కలో బహుళ పాడ్యమి. ఆ రోజు ఆలయం కొంతసేపు మూసే అవకాశం ఉంది కనుక రాజభవనాన్ని పౌర్ణమికి ముందు రోజుల్లోనే పెట్టుకోండి. నిజంగా మూసే రోజులు రాజభవనం వెబ్‌సైటులో ఉంటాయి. రోడ్డు మీద మనిషి చెప్పే సెలవులన్నీ అబద్ధాలు.

పక్కనే వాట్ ఫో అనే గుడిలో పడుకున్న బుద్ధుడు, 46 మీటర్ల పొడవు. పాదాల మీద ముత్యపు చిప్ప పొదిగి 108 శుభచిహ్నాలు చెక్కారు. వెనక గోడ వెంబడి 108 కంచు గిన్నెలు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క నాణెం వేసుకుంటూ పోవడం అమ్మగారికి నచ్చుతుంది. అది సాయంత్రానికి ఉంచుకోండి. తరువాత థా తియన్ రేవు దగ్గరే కూర్చుంటే నది అవతల వాట్ అరుణ్ గుడి వెనకకు పొద్దు గుంకుతుంది. ఆ గోపురం మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మోకాళ్ళతో ఎక్కే ప్రయత్నం వద్దు. కావాలంటే రేవు నుంచి చిన్న పడవలో దాటి కిందే తిరిగి రండి.

పడవల గురించి ఒక మాట. నారింజ జెండా పడవ చౌకే కానీ రేవులో కొన్ని క్షణాలే ఆగుతుంది. ఈల వేయగానే ఊగుతున్న తెప్ప మీద నుంచి గబగబా అడుగు వేయాలి. నవంబరులో నది నిండుగా ఉంటుంది, రేవు ఇంకా ఊగుతుంది. యాత్రికుల కోసం నడిచే నీలి జెండా పడవ ఖరీదెక్కువ, కానీ నిదానంగా ఎక్కనిస్తారు. డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టు.

తిండి సంగతి విను. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలు, మన కంటికి 17 అంకెలా కనిపిస్తుంది. అది జే అనే మాట. జే వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు! కార్తీకం వ్రతం కోసమే వండినట్టు ఉంటుంది. మామూలు శాకాహారాన్ని మంగ్‌సవిరత్ అంటారు, మాంసవిరతి అన్న మాటే అది. కానీ దానిలో వెల్లుల్లి పడుతుంది, కాబట్టి మీరు జే అనే అడగండి. ఊరికే కూరగాయల వేపుడు అంటే చేప రసమో, ఆల్చిప్పల రసమో తప్పకుండా పోస్తారు. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి. పళ్ళ బండ్ల దగ్గర పంపర పనస ఒలిచి తొనలుగా ఇస్తారు, అంత తియ్యటిది మన దగ్గర నేను తినలేదు.

డమ్నెన్ సదువాక్‌లో పడవల మీద సాగే అంగడి, పాత రాజధాని అయుత్తయ ఈసారికి వదిలెయ్యండి. రెండూ దూరం, రెండూ ఎండ. అయుత్తయ అంటే అయోధ్య అని అమ్మగారు విని ఊరుకోలేకపోతే, మరోసారి రావడానికి అదొక కారణం అవుతుంది.


ఓరుగల్లు

పై జవాబులో రోడ్డు మీద మనిషి చెప్పే సెలవుల మాట ఉంది కదా, ఆ మనిషి నాకు ఎదురయ్యాడు. 2018లో నేను, నా భార్య వెళ్ళాం. రాజభవనం గోడ పక్కన నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు ఉన్న పెద్దమనిషి నమస్కరించి ఏ దేశమని అడిగాడు. ఇండియా అంటే తన కొడుకు బెంగళూరులో చదువుతున్నాడన్నాడు. ఈ రోజు బౌద్ధుల పండుగ, ఒంటిగంట వరకు లోపలికి స్థానికులకే ప్రవేశం, ఈలోగా అదృష్ట బుద్ధుణ్ణి చూసి రండి అని మా మ్యాపు మీద గుర్తులు పెట్టాడు. పక్కనే తుక్‌తుక్. మొత్తం తిప్పడానికి 20 బాత్‌లేనట.

నిజంగానే ఒక చిన్న గుడికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక్కడే కూర్చున్న మరో పెద్దమనిషి మాట కలిపి, ప్రభుత్వం ఏడాదికొకసారి పన్ను లేకుండా నీలాలు అమ్మే ఆఖరి రోజు ఇదేనని, తానూ కూతురి పెళ్ళికి కొన్నానని చెప్పాడు. ఇద్దరూ ఒకరికొకరు తెలియనివాళ్ళే కదా అని మేము నమ్మాం. అక్కడే పడిపోయాం. తుక్‌తుక్ డ్రైవరు, గేటు దగ్గరి మనిషి, గుడిలోని మనిషి, దుకాణం అందరూ ఒకటే. నా భార్యకు ఉంగరం కొన్నాను, 14,000 బాత్. వరంగల్‌లో మాకు తెలిసిన కంసాలి దాన్ని రాతి మీద గీసి, దీపం ముందు పట్టి, ఏమీ మాట్లాడకుండా తిరిగి నా చేతిలో పెట్టాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ ఉంగరం పెట్టుకుని ఆమె విమానంలో ఎంత సంతోషంగా ఉందో గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వాళ్ళు బెదిరించరు, చెయ్యి వేయరు. చాలా మర్యాదగా ఉంటారు. అందుకే మన ఊరి మర్యాద ప్రకారం నిలబడి జవాబు చెప్తాం. మీరు నిలబడకండి. గేటు వరకు వెళ్ళి టికెట్టు కిటికీ మీ కళ్ళతో చూడండి. ఎవరైనా మీ ఖర్చులు, హోటలు పేరు, ఎన్ని రోజులుంటారు అని అడిగితే నవ్వి ముందుకు వెళ్ళండి. పర్యాటక పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఆ రోజు నాకు ఆ నంబరు తెలియదు.

ఇంకో మాట: ఆలయం బయట ఖరీదు ఎంతో చెప్పకుండా దారం మణికట్టుకు కట్టి డబ్బు అడిగేవాళ్ళు, పావురాలకు వేయమని గింజల పొట్లం చేతిలో పెట్టేవాళ్ళు ఉంటారు. చేతులు ముడుచుకుని నడవడమే.


ఆసుపత్రి డ్యూటీ

నేను నర్సుగా పనిచేస్తున్నాను, మందుల గురించి మాత్రమే చెప్తాను. బీపీ మాత్రలు వాటి పట్టీలతోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు. మోకాళ్ళ నొప్పికి ఏం వాడుతున్నారో పేరు చూడండి. ట్రమడాల్, కోడీన్ వంటివి, నిద్రమాత్రల్లో అల్ప్రాజోలం వంటివి ఉంటే థాయ్‌లాండ్‌లో వాటిపై నియంత్రణ ఉంది, నిబంధనలు ముందే చూసుకోవాలి. ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి, అందులో ముందునుంచీ ఉన్న బీపీ సంగతి దాచవద్దు. అక్కడ అంబులెన్సు 1669. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉంటే ఎండలో నీరసం త్వరగా వస్తుంది. దాహం వేయకపోయినా నీళ్ళు తాగించండి, ఉప్పు చక్కెర పొడి పొట్లాలు నాలుగు వెంట ఉంచుకోండి. మోకాలి పట్టీ ఇప్పటినుంచే వేసుకుని నడక అలవాటు చేయించండి. అక్కడికి వెళ్ళాక కొత్త పట్టీ కొని వేసుకుంటే చర్మం ఒరుసుకుపోతుంది.


గోదావరి గట్టు

పిన్నిగారూ, అమ్మకు చదివి వినిపించాను. గంగమ్మ తల్లి అన్న చోట మళ్ళీ చదవమంది. తరువాత లోపలికి వెళ్ళి వత్తుల డబ్బా తీసింది. 365 వత్తులు అక్కడికి తీసుకొస్తానంటోంది, గదిలో తులసికోట బొమ్మ పెట్టుకుని వెలిగిస్తుందట. ఆ రాత్రి జనంలో అమ్మను ఎలా తీసుకెళ్ళాలి? నది ఒడ్డున పెద్ద ఉత్సవం జరుగుతుందని చూశాను, భయంగా ఉంది. ఇంకా కాగితాల సంగతి, డబ్బు సంగతి కూడా కాస్త చెప్పండి. ఓరుగల్లు గారూ, మీ ఉంగరం సంగతి చదివి చాలా బాధ కలిగింది. గేటు దగ్గర ఎవరితోనూ మాట్లాడను.


సిలోం వీధి

గదిలో దీపం వద్దమ్మా. పైకప్పున పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది, అది మోగితే అంతస్తంతా ఖాళీ చేయిస్తారు, జరిమానా వేస్తారు. 365 వత్తులు మీరు తిరిగి వచ్చాక కార్తీకం ఇంకా మిగిలే ఉంటుంది కదా, ఒక సోమవారం మన శివాలయంలో వెలిగించుకోవచ్చు. నేతిలో తడిపిన వత్తి ఒక్కటి చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బా పెద్ద పెట్టెలో సర్దండి. క్రథోంగ్ మధ్యలో కొవ్వొత్తి పక్కన ఆ వత్తి కూర్చుంటుంది. అగ్గిపెట్టె అక్కడే కొనండి, విమానంలో సామానులో వేయకూడదు.

నది ఒడ్డుకు వెళ్ళకండి. ఆ రాత్రి సాథోన్ రేవులో, ఉత్సవాలు జరిగే చోట్ల భుజం భుజం తగిలే జనం, తేలే రేవుల మీద బరువెక్కువై నీళ్ళు పైకి వస్తాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు వంగి నీళ్ళు అందుకునేంత చోటు కూడా దొరకదు. దానికి బదులు లుంఫినీ పార్కు. సిలోం రోడ్డు చివరే ఉంది, శాలదేంగ్ ఆకాశ రైలు దగ్గర దిగవచ్చు. బుద్ధుడు పుట్టిన లుంబిని పేరే దానికి పెట్టారు. నగరపాలక సంస్థ ఆ రాత్రి చాలా పార్కులను ఆలస్యం వరకు తెరిచి ఉంచుతుంది. చెరువు గట్టు చదునుగా ఉంటుంది, సెలవు రోజు మన ట్యాంక్‌బండ్ మీద తిరిగినట్టు కుటుంబాలతో వస్తారు. ఎనిమిదింటికి జనం ముసురుతారు, మీరు పొద్దు గుంకాక ఆరున్నరకు వెళ్ళి ఏడున్నరకల్లా బయటపడండి. ఆ సమయానికి చంద్రుడు చెట్ల మీదికి వచ్చి ఉంటాడు.

సాయంత్రం ఆరింటికి పార్కులో జాతీయ గీతం వినిపిస్తుంది, పొద్దున ఎనిమిదింటికి కూడా. నడుస్తున్నవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు అందరూ ఉన్నచోట ఆగిపోతారు. మీరూ ఆగండి.

కాగితాలు: చేరే రోజుకు ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి. ఉచితం. ఇమ్మిగ్రేషన్ డాట్ గో డాట్ టీహెచ్ అని ముగిసే సైటే అసలుది, డబ్బు అడిగే సైటు ఏదైనా అది వేరే ఎవరిదో. వీసా నిబంధనలు మధ్యమధ్య మారుతుంటాయి, బయల్దేరే నెలలో థాయ్ రాయబార కార్యాలయం చెప్పేది చూడు. డబ్బు: ఏటీఎంలో విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్ లేదా ఇంకా ఎక్కువే కోస్తారు, కాబట్టి చిన్నచిన్నగా తీయకుండా ఒకసారే తీసుకో. యంత్రం రూపాయల్లో లెక్క కట్టనా అని అడిగితే వద్దను, బాత్‌లోనే కానివ్వు. నోటు కింద పడితే కాలితో ఆపవద్దు. దాని మీద రాజు బొమ్మ ఉంటుంది, వాళ్ళకు అది ప్రాణంతో సమానం. రాజకుటుంబాన్ని నిందించడం అక్కడ జైలు శిక్ష పడే నేరం. ఆకు గుర్తు ఉన్న బిస్కెట్లు, చాక్లెట్లు ఎవరు ఇచ్చినా ముట్టవద్దు, గంజాయి కలిపినవి ఉంటాయి. భిక్షువులు ఎదురైతే ఆడవాళ్ళం పక్కకు తప్పుకోవాలి, పొరపాటున కూడా తాకకూడదు.

ఆకాశదీపాలు వదిలే ఫొటోలు చూసి ఉంటావు, అవి చియాంగ్‌మాయ్‌వి. బ్యాంకాక్‌లో వదలకూడదు, ఎవరైనా అమ్మజూపినా కొనవద్దు.

తిరుగు ప్రయాణంలో సువర్ణభూమిలో తనిఖీలు దాటాక దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని లాగే క్షీరసాగర మథనం విగ్రహాలు ఉంటాయి. గేటుకు త్వరపడి అమ్మగారికి అది చూపించకుండా తీసుకెళ్ళకు.


గోదావరి గట్టు (తిరిగి వచ్చాక)

మొన్న రాత్రి ఇంటికి చేరాం. అందరికీ నమస్కారాలు. తరువాత వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

సనాం చాయ్ స్టేషను బయటే ఒకాయన "ప్యాలెస్ క్లోజ్డ్" అన్నాడు, ఇస్త్రీ చొక్కాతోనే. నేను ఆగబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఎంత గట్టిగా లాగిందంటే గాజు గుర్తు పడింది. గేటు తెరిచే ఉంది, 8:40కి లోపల ఉన్నాం. రామాయణం వరండాలో అమ్మ గంటన్నర నడిచింది, మధ్యలో గట్టు మీద మూడుసార్లు కూర్చుంది. మత్స్యకన్య బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడి, "ఇది వీళ్ళ హనుమంతుడి సంగతి, మన ఆయనది కాదు" అని ముందుకు కదిలింది. రెండో రోజు మధ్యాహ్నం నేను పొరపాటు చేశాను. ఎండ తక్కువగా ఉందని అమ్మను ఎరావాన్ దగ్గర నాలుగు ముఖాల బ్రహ్మ మందిరానికి తీసుకెళ్ళాను. పాదచారుల వంతెన ఎక్కడానికి ఎస్కలేటరు ఉంది, దిగడానికి లేదు. ఆ రాత్రి మోకాలు వాచింది. పిన్నిగారు చెప్పిన మాట వింటే ఇది జరిగేది కాదు. నర్సు గారి మోకాలి పట్టీ, చల్లటి గుడ్డ కాపడం పనిచేశాయి.

జే అన్నం దుకాణం శాలదేంగ్ వెనక సందులో దొరికింది. మూడు రోజులూ అక్కడే తిన్నాం. మూడో రోజు ఆ దుకాణం ఆవిడ అడగకుండానే అమ్మ పళ్ళెంలో బెండకాయ ఎక్కువ వేసింది.

పౌర్ణమి రాత్రి లుంఫినీలో ఆరున్నరకే చెరువు దగ్గరికి చేరాం. అమ్మ వత్తి వెలిగించింది. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. పక్కనే దీపం వదులుతున్న అమ్మాయి, స్కూలు దుస్తుల్లో ఉంది, రెండు చేతులూ దొప్పలా పట్టి గాలికి అడ్డం పెట్టింది. ఆ పిల్ల తన క్రథోంగ్‌లో ఒక నాణెం పెట్టడం చూసి అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది. రైలు గోదావరి వంతెన దాటేటప్పుడు వేయడానికి ఎప్పుడూ ఉంచుకునే బిళ్ళ అది. నాన్న పేరు, గోత్రం చెప్పి నీళ్ళలోకి నెట్టింది.

క్రథోంగ్ మాకు 60 బాత్ పడింది. పార్కు లోపల కంటే గేటు బయట ఆడవాళ్ళు అమ్మేవి తాజాగా ఉన్నాయి. రొట్టెతో చేసినవి కూడా అదే ధరకు అమ్ముతున్నారు, అవి త్వరగా నాని ఒరిగిపోతున్నాయి. అరటిబోదెది అడిగి తీసుకోండి.